రాళ్ళ తొట్టి

వదిన ఉద్యోగం మానేసి తమ్ముడింట్లో ఉండడానికి వస్తోందని తెలిసినప్పుడు మరదలు పెద్దగా కంగారు పడలేదు. వదిన ఓడరేవులో ఏళ్ళ తరబడి క్రేన్ నడిపిన మనిషి. ఆకాశంలో వేలాడే ఆ గాజుగదిలోకి రోజూ నిచ్చెనెక్కి, దిగి, చివరికి కుడి మోకాలు మొరాయించింది. పెళ్ళి చేసుకోలేదు. మాట తక్కువ. తోటి పనివాళ్ళు ఆమెను గద్ద అనేవారట, అంత ఎత్తునుంచి కింద సూది పడినా కనిపెట్టేస్తుందని. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఏముంది? ఏదో ఒక మూల కూర్చుంటుంది, ఎవరి జోలికీ రాదు అనుకుంది మరదలు.

వచ్చిన నాలుగో రోజునే వదిన ముందుగదిలో గోడకెదురుగా నిలబడి, దాన్ని కిందనుంచి పైదాకా తేరిపార చూస్తూ కనిపించింది. ఆ గది మరదలిది. కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, కత్తిరించి పెట్టిన బట్టల దొంతరలు, కొలతలకొచ్చిన వాళ్ళు నిలబడే నిలువుటద్దం, అన్నీ అక్కడే. వీధిలో సగంమందికి గౌన్లూ ప్యాంట్లూ కోట్లూ కుట్టేది ఆమే.

"ఈ గోడ నాకిస్తావా అమ్మాయ్?" అంది వదిన.

"గోడేం చేసుకుంటారు వదినా?"

"చేపలు పెంచుకుంటాను."

మరదలికి నవ్వొచ్చింది. చేపలంటే ఆమెకు తెలిసింది గుండ్రటి గాజుగిన్నె, అందులో రెండు ఎర్రచేపలు. "దానికి గోడంతా ఎందుకండీ? మిషను పక్కన స్టూలు వేస్తాను, దానిమీద పెట్టుకోండి" అంది.

వదిన రెండు చేతులూ బారజాపింది. చాల్లేదు. కుంటుకుంటూ గోడ ఈ చివరినుంచి దాదాపు ఆ చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి, "ఇంత" అంది.

సాయంత్రం బేకరీలో పని ముగించుకుని, జుట్టునిండా పిండితో ఇంటికొచ్చిన తమ్ముడు సంగతంతా విని, "పెంచేది చేపల్నా అక్కా, మొసలినా?" అన్నాడు. వదిన నవ్వలేదు, కోప్పడలేదు. ఒక్కసారి మాత్రం వివరంగా మాట్లాడింది. మోకాలికి ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి వరండాలో ఒక తొట్టి ఉందట. లోపల రాళ్ళగుట్టలు, వాటి మధ్య పసుపూ నీలం చేపలు. ఆఫ్రికాలో సముద్రమంత సరస్సు ఒకటి ఉందని, ఆ ఒడ్డున నీళ్ళలో మునిగిన బండల సందుల్లో పుట్టి పెరిగే చేపలవని, సిక్లిడ్లంటారని అక్కడి కాపలాదారు చెప్పాడట. నర్సు తనను మూడుసార్లు పిలిచినా వినపడలేదట.

"ఇన్నేళ్ళూ నీళ్ళ మీదే పనిచేశాను. నీళ్ళ లోపల ఏముంటుందో ఎప్పుడూ చూడలేదురా" అంది.

ఆ మాటతో మరదలి మనసు మెత్తబడింది. కానీ గోడ పోతున్నందుకు బాధ పోలేదు. బట్టల దొంతరలన్నీ పడగ్గదిలోకి మోస్తూ, "మీ అక్క ఇల్లు పీకి పందిరేస్తుంది, చూస్తూ ఉండండి" అని మొగుడి చెవిలో గొణిగింది.

ముందు ఇనుప స్టాండు వచ్చింది. వదిన రసమట్టం తెప్పించి దానిమీద అటూ ఇటూ పెట్టి చూసింది. గాజుగొట్టంలో బుడగ వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, తమ్ముణ్ణి నేలమీద పడుకోబెట్టి స్టాండు కాలి కింద పలకముక్క తోయించింది. "ఒక చిన్న కారంత బరువు కూర్చోబోతోంది దీనిమీద. ఓ మూల వంగితే గాజు పగులుతుంది" అంది. తమ్ముడు లేచి వీపు దులుపుకుంటూ, "మొత్తానికి మా ఇంటికి కారొచ్చింది" అన్నాడు.

తొట్టి వచ్చిన రోజు మరదలికి బాగా గుర్తుండిపోయింది. లోపల తమ్ముడు కాళ్ళు చాపుకుని పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పొడుగు గాజుపెట్టె. బండిలోంచి దింపడానికి ఆరుగురు మగాళ్ళు. ఆరుగురూ ఆరు నోళ్ళు: "ఇటు తిప్పు", "అటు కాదు", "నీ వైపు ఎత్తవయ్యా". గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఒక మూల గోడకు తగలబోయింది. మరదలు కళ్ళు మూసుకుంది.

అప్పుడు వదిన గదిమధ్యకొచ్చి నిలబడి చెయ్యెత్తింది. "ఎవరూ మాట్లాడొద్దు. నా చెయ్యి చూడండి" అంది. వేలు పైకి తిప్పితే ఎత్తారు. అరచెయ్యి వంచితే వంచారు. పిడికిలి బిగిస్తే ఆగిపోయారు. అంతవరకూ సంతలా ఉన్న గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఆ గాజుపెట్టె గాల్లో తేలినట్టు గుమ్మం దాటి, మిషను పక్కనుంచి మలుపు తిరిగి, స్టాండు మీద పరిచిన థర్మకోల్ షీటు మీద చప్పుడు లేకుండా వాలింది. వాళ్ళలో పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "ఏం పని చేసేవారమ్మా మీరు?" అని అడిగాడు. వదిన చెబితే, "అదీ సంగతి" అని తలాడించాడు.

మరదలు వదిన చేతుల వంక కాసేపు అలాగే చూస్తుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ చేతులు అన్నం తినడం తప్ప ఏమీ చెయ్యగా చూడలేదు తను.

తర్వాత రాళ్ళు. కూలగొట్టిన పాత గోడల దగ్గరినుంచీ, రాతిగని నుంచీ బస్తాల్లో వచ్చాయి. వదిన పెరట్లో పీట వేసుక్కూర్చుని ఒక్కోటీ బ్రష్షుతో రుద్ది కడిగి, దానిమీద రెండు చుక్కలు వెనిగర్ వేసి చూసేది. కొన్ని రాళ్ళమీద అది చుయ్యిమని నురగలు కక్కేది. ఆ రాళ్ళు ఒకవైపు, మిగతావి ఇంకోవైపు.

"ఉప్పూకారం కూడా తెమ్మంటావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నురగొస్తే సున్నపురాయి అన్నమాట. ఆ సరస్సు నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ. మెత్తటి నీళ్ళలో ఈ చేపలు బతకవు. ఈ రాళ్ళు నీళ్ళను వాటికి కావలసినట్టు ఉంచుతాయి" అంది వదిన. ఆపైన బకెట్లో ఇసుక పోసి తమ్ముడికిచ్చి కడగమంది. నీళ్ళు తేటగా వచ్చేవరకూ కడగాలని చెప్పింది. పాపం, అతనికి తలప్రాణం తోకకొచ్చింది.

అడుగున ప్లాస్టిక్ జాలీ పరిచి, రాళ్ళు ముందు పేర్చి, ఇసుక తర్వాత పోసింది వదిన. ఇసుక పరిచి దానిమీద రాళ్ళు పెట్టుకోవచ్చుగా అని మరదలు అడిగింది. "ఇవి ఇసుక తవ్వే చేపలు. పునాది తవ్వేసి గుట్టను నెత్తిమీద కూల్చుకుంటాయి" అంది వదిన. పేర్చిన గుట్టను చేత్తో నెట్టిచూసి, కదిలితే మొత్తం విప్పి మళ్ళీ పేర్చింది. ఆ పనిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా గడిచిపోయింది. మోకాలు నొప్పెడితే ఒక చెయ్యి స్టాండుమీద ఆన్చి కాసేపు కళ్ళుమూసుకునేది తప్ప ఆపలేదు.

నీళ్ళు నింపారు. ఫిల్టరు గుడగుడమంది. దీపం వెలిగింది. ఇక చేపలొస్తాయని మరదలు ఎదురుచూసింది. రాలేదు.

వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. తొట్టిలో రాళ్ళూ నీళ్ళూ తప్ప ఏమీ లేవు. వదిన మాత్రం రోజూ పొద్దున్నే చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, కిటికీ వెలుగులో రంగు చూసి, నిమ్మకు నీరెత్తినట్టు మళ్ళీ కుర్చీలో కూర్చునేది. బట్టలకోసం వచ్చినవాళ్ళు తొట్టి ముందు వంగి వెతికి వెతికి, "మీ చేపలకి సిగ్గెక్కువా?" అని అడిగేవారు. ఒకావిడ "రాళ్ళు పెరుగుతున్నాయా?" అంది. వీధిలో దానికి రాళ్ళతొట్టి అని పేరు పడిపోయింది. తమ్ముడు రోజూ ఇంట్లో అడుగుపెడుతూనే, "ఇవాళ ఏ రాయి హుషారుగా ఉంది?" అని విచారించేవాడు.

మరదలికే పౌరుషం వచ్చింది. "ఏంటి వదినా ఇది? నలుగురూ నవ్వుతున్నారు. ఒక్క చేపనైనా వెయ్యకూడదూ?"

"ఇప్పుడు వేస్తే చచ్చిపోతుంది. చేప విడిచిన మురికి దానికే విషం. ఆ విషాన్ని తినే క్రిములు ఫిల్టరులో పుట్టాలి. అవి కంటికి కనపడవు. పుట్టేదాకా ఆగాలి."

"నలుగురూ నవ్వినా?"

"నవ్వడంవల్ల నీళ్ళకేం కాదుగా" అంది వదిన.

మరదలు మిషను ముందుకు తిరిగి పెడల్ తొక్కింది గాని, ఆ మాట చాలాసేపు ఆమెను వదల్లేదు. పండక్కో పెళ్ళికో ఎవరైనా తొందరపెడితే కంగారుపడి కాలర్లు వంకరగా కుట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఈ మనిషి ఖాళీ తొట్టి ముందు రోజుల తరబడి ఇంత నిబ్బరంగా కూర్చోగలిగింది. ఇలాంటి ఓపిక ఉంటే తన కుట్టుపని ఎలా ఉండేదో అనిపించింది.

చివరికి ఒక పొద్దున వదిన గాజుగొట్టాన్ని వెలుగులో పట్టుకుని, "ఇక చేపలకోసం వెళ్దాం" అంది.

చేపలు సంచుల్లో వచ్చాయి. వేలెడంత కూడా లేవు. సంచుల్ని తొట్టి నీళ్ళమీద తేలేసి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు కలుపుతూ చాలాసేపు ఆగి, అప్పుడు వదిలింది వదిన. మొదట అన్నీ రాళ్ళ సందుల్లోకి దూరిపోయాయి. కాసేపటికి ఒక పసుపు చేప బయటికొచ్చింది. పొద్దుతిరుగుడు రేకు రంగు, వీపు రెక్కమీద నల్లటి గీత. దాని వెనక నీలం చారలది ఒకటి. తర్వాత నారింజరంగువి రెండు. చూస్తుండగానే గుట్టంతా మేలుకుంది. మరదలు కుడుతున్న చొక్కా ఒళ్ళో పడేసి, కళ్ళప్పగించి చూసింది. మర్నాడు ఆ చొక్కా తీసి చూస్తే కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేసి ఉంది.

రెండు నెలల్లో చేపలు పెరిగాయి, గొడవలూ పెరిగాయి. నీలం చారల మగచేప ఒకటి గుట్ట మొత్తం తనదేనన్నట్టు తయారైంది. ఎవరు కనపడ్డా తరిమేది. తమ్ముడు దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాడు. వదిన ఒకరోజు గుట్టంతా విప్పి, కొత్త సందులు చేసి వేరే విధంగా పేర్చింది. తన హద్దులేవో తెలియక ఇన్‌స్పెక్టర్ బిక్కమొహం వేసుకుని తిరిగాడు. మిగిలినవి కొన్నాళ్ళు హాయిగా ఉన్నాయి.

ఇంతలో వదిన మోకాలి ఆపరేషనుకు తారీకు ఖాయమైంది. కొన్ని వారాలు ఆస్పత్రిలోనే ఉండాలి.

"నువ్వు చూసుకుంటావా అమ్మాయ్?" అంది వదిన.

మరదలు కుడుతున్నది ఆపేసింది. "నాకేం తెలుసు వదినా! ఏమైనా అయితే?"

"కడుపునిండా పెట్టకు. నాచుతినే జీవాలవి, ఎక్కువైతే కడుపుబ్బి పోతాయి. వారానికోసారి కొంచెం నీళ్ళు మార్చు. మిగతాది చూస్తూ ఉండడమే. నువ్వు చూస్తావని నాకు తెలుసు."

వదిన వెళ్ళిన వారానికి మరదలు ఒక సంగతి కనిపెట్టింది. మేత గుళికలు వేసినప్పుడు అన్నీ ఎగబడుతుంటే ఒక పసుపు చేప మాత్రం రాతి కిందే ఉండిపోతోంది. గుళిక మూతి ముందునుంచే పోయినా ముట్టలేదు. దాని గొంతు కింద ఉబ్బి ఉంది. మరుసటిరోజూ తినలేదు. ఆ మరుసటిరోజూ అంతే. దీనికి తోడు ఇన్‌స్పెక్టర్ దాన్ని పసిగట్టి, బయటికి వచ్చినప్పుడల్లా తోక పట్టుకుని కొరుకుతున్నాడు. మరదలు వెంటనే వదినకి ఫోన్ చేసింది.

"వదినా, నా వల్ల ఒకటి పోయేలా ఉందండీ. గొంతువాపు. మూడు రోజులుగా పస్తు" అంది ఏడుపుగొంతుతో.

వదిన అవతలినుంచి అడిగింది: "నోరు మూసుకునే ఉందా? మధ్యమధ్యలో ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతోందా?"

మరదలు ఫోన్ పట్టుకునే తొట్టి ముందు వంగింది. "అవును, కదుపుతోంది."

"అది జబ్బు కాదు. నోట్లో గుడ్లున్నాయి."

"ఎక్కడ?"

"నోట్లోనే అమ్మాయ్. ఈ జాతి తల్లి గుడ్లన్నీ నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలై ఈదగలిగేదాకా ఉమ్మదు. ఆ మూడు వారాలూ మెతుకు ముట్టదు." ఫోన్లో వదిన మాటలు గబగబా వచ్చాయి. నొప్పివల్లో సంతోషంవల్లో మరదలికి తెలియలేదు. "కంగారుపడితే మింగేస్తుంది, లేదా ఉమ్మేస్తుంది. వాడు తరుముతున్నాడన్నావు. దాన్ని వేరు చెయ్యాలి. పెరట్లో చిన్న తొట్టి ఉంది, అందులో పెద్ద తొట్టి నీళ్ళే పోసి, పాత స్పాంజి ఫిల్టరు పెట్టు. పట్టేటప్పుడు మాత్రం భయపెట్టకు."

"మీరొచ్చేదాకా..."

"నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది. నీవల్ల అవుతుంది."

మరదలు ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ చేపనే చూసింది. నోరంతా పిల్లలు, కళ్ళెదుట తిండి, వెనకనుంచి తోక కొరికేవాడు. అయినా పెదవి విప్పలేదది. "అమ్మ బాబోయ్, ఏం మనిషివే నువ్వు!" అంది పైకే.

దుకాణంలో దొరికే వల గరుకుగా ఉంది. వేలికి రాసి చూస్తే తెలిసింది. దాంట్లో పడితే చేప గింజుకుంటుంది, రెక్క చిరుగుతుంది. మరదలు తన గుడ్డముక్కల పెట్టె వెతికి, పిల్లల గౌన్ల లోపల వేసే పలచటి మెత్తటి నెట్టుగుడ్డ తీసింది. నీళ్ళు సులువుగా జారిపోతాయి, ఒంటికి తగిలినా తెలియదు. దాన్ని లోతైన సంచీలా కత్తిరించి, అంచులన్నీ బయటివైపుకు మడిచి, లోపల ఒక్క దారం కూడా పొడుచుకురాకుండా కుట్టింది. సంచీ నోటి చుట్టూ తీగ దోపింది. ఇంత జాగ్రత్తగా ఎవరి పెళ్ళికోటూ కుట్టలేదు.

సాయంత్రం భర్త రాగానే ప్యాంటు మడతపెట్టించి పనిలోకి దింపింది. బకెట్లతో సగం నీళ్ళు తోడారు. రాళ్ళు ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా బయటికి తీశారు. "అక్క కూర్చడానికి రోజంతా పట్టిందే దీన్ని" అని అతను వాపోయాడు. "మాట్లాడకండి, దానికి వినపడుతుంది" అంది మరదలు. అతను నోటిమీద వేలేసుకున్నాడు. చివరి రాయి కదిలేసరికి పసుపు చేప మూలకు వెళ్ళి ఒదిగింది. మరదలు తరమలేదు. సంచీని నీళ్ళలో ముంచి, దాని ముందు తెరిచి పట్టుకుని, చెయ్యి తిమ్మిరెక్కేదాకా కదలకుండా నిలబడింది. భర్త రెండోవైపునుంచి అరచేతిని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా జరిపాడు. చేప ఇటు చూసింది, అటు చూసింది. తానే సంచీలోకి ఈదుకొచ్చింది.

నీళ్ళతో సహా ఎత్తి చిన్న తొట్టిలో దింపారు. ఒక్క గుడ్డు కూడా బయట పడలేదు. అతని మొహం చేటంతయింది. "పట్టింది నువ్వే అయినా బేకరీలో మాత్రం నేనే పట్టానని చెప్తాను" అన్నాడు.

పెద్ద తొట్టిలో రాళ్ళు మళ్ళీ పేర్చాలి. వదిన పేర్చిన తీరు ఇద్దరికీ గుర్తులేదు. ఫోన్లో అడిగితే, "నీకు నచ్చినట్టు పేర్చుకో. చేత్తో నెడితే కదలకూడదు, అంతే" అందామె. మరదలు రెండు పూటలు కూర్చుని పేర్చింది. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా, మధ్యలో ఒక చేప దూరిపోయేంత సన్నటి దారులు విడిచింది. నెట్టి చూసింది. రెండుసార్లు కూలింది. మూడోసారి నిలబడింది.

వదిన చంకకర్రతో ఇంటికొచ్చింది. వచ్చీరాగానే కుర్చీ అడగలేదు. పెద్ద తొట్టి ముందు నిలబడి కొత్త గుట్టను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. మరదలు వెనకే వచ్చి నిలబడింది. "ఈ దారి నాకు తట్టలేదు" అంది వదిన, మధ్యలో సన్నటి సందును గాజుమీదనుంచి వేలితో చూపిస్తూ. "దీన్ని కదపొద్దు." తర్వాత గోడకు వేలాడుతున్న నెట్టుసంచీని తీసి, అంచుల్ని వేళ్ళతో తడిమి, కుట్టును వెలుగులో చూసి, "ఇలాంటిది దుకాణంలో లేదు" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. మరదలికి అది చాలు. ఆ రోజంతా ఆమె కాలు నేలమీద నిలవలేదు.

చిన్న తొట్టి ముందు ఇద్దరూ కుర్చీలు వేసుకున్నారు. పసుపు చేప చిక్కిపోయి, పొట్ట లోపలికి పోయి, తల మాత్రమే పెద్దదిగా కనిపిస్తోంది. నాలుగోరోజు పొద్దున, మరదలు మిషను మీద బొత్తాంకాజా కుడుతుండగా, "అమ్మాయ్, రా!" అని వదిన పిలిచింది. ఆ గొంతు ఎప్పుడూ అంత బిగ్గరగా వినలేదు.

తల్లి నోరు తెరిచింది. ఒక చిన్న పిల్ల బయటికి జారింది. బియ్యపుగింజంత, అప్పుడే పసుపు తేరుతూ, అన్ని రెక్కలతో. వెనకే మరొకటి. తర్వాత గుంపుగా. ఫిల్టరు బుడగలకి ఒకటి అటూ ఇటూ కొట్టుకుపోతుంటే తల్లి వెంటపడి నోటితో అందుకుని, మళ్ళీ రాతి పక్కన వదిలింది. మరదలు బాగా చూద్దామని ముందుకు వంగింది. ఆమె నీడ నీళ్ళమీద పడింది. అంతే, పిల్లలన్నీ ఒక్క ఉదుటున తల్లి మొహం దగ్గరికి పరుగెత్తాయి. అది నోరు తెరిస్తే ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ లోపలికి దూరిపోయాయి. నోరు మూసుకుని ఆ తల్లి ఇద్దరివైపూ చూసింది.

"మనల్ని చూసి భయపడిందండీ" అంది మరదలు గుసగుసగా, వెనక్కి జరుగుతూ.

"కాసేపు కదలకుండా ఉంటే మళ్ళీ వదుల్తుంది."

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. గుమ్మంలో కొలతలకొచ్చిన ఒకావిడ పిలవబోతే మరదలు చేత్తోనే ఆగమని సైగ చేసింది. ఆవిడా చెప్పులు విడిచి, మెల్లగా వచ్చి వెనక నిలబడింది. తల్లి మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి పిల్లలు దూరం వెళ్ళాయి. రాయి చుట్టూ తిరిగాయి. ఇసుకలో ఏదో ఏరుకున్నాయి.

మరదలు ఒక గుళికను వేళ్ళమధ్య నలిపి పొడిచేసి పిల్లలకు చల్లింది. ఇంకోటి మొత్తంగా తల్లి ముందు వదిలింది. గుళిక నెమ్మదిగా కిందకి దిగింది. తల్లి దాన్ని చూసింది. పిల్లలవైపు చూసింది. మళ్ళీ గుళికవైపు చూసింది. మూడు వారాల తర్వాత మొదటిసారి, తనకోసం, నోరు తెరిచి తింది.

"ఇంకోటి వెయ్యి" అంది వదిన.